రెండున్నర ఎకరాల వర్షాధార చేను: ఏడాది పొడవునా ఇంటి తిండికి సరిపోవాలంటే

మీ ప్రశ్న ఇది: అనంతపురం వైపు రెండున్నర ఎకరాల ఎర్రనేల, బోరు లేదు, ఇంట్లో ఐదుగురు. పంట ఇంటికొచ్చిన మూణ్ణాలుగు నెలలు బాగానే గడుస్తున్నాయి, ఆషాఢం, శ్రావణం వచ్చేసరికి పప్పుకీ నూనెకీ కొట్లో అప్పు పెట్టాల్సి వస్తోంది. ఈ కొరత తీరడానికి కొత్త పద్ధతులు, టెక్నాలజీ ఏవి పనికొస్తాయి? మట్టి లేకుండా నీళ్లలో పెంచడం, నిలువు తోటలు, సెన్సర్లు మాకు ఉపయోగమా?

పనికొచ్చేవి ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం చేలో కంటే చేనుకీ పొయ్యికీ మధ్య ఉన్నాయి. మీ ఇంటికి తక్కువ పడుతున్నదేమిటో, ఎంతో, ఏ నెలలోనో తెలిస్తే దేనిమీద డబ్బు పెట్టాలో అదే తేలుతుంది.

ముందు ఈ లెక్క చూడండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో 2000 కేలరీల తిండికి మనిషికి రోజుకి 250 గ్రాముల ధాన్యం, 85 గ్రాముల పప్పు, 27 గ్రాముల నూనె, 400 గ్రాముల కూరగాయలు ఉండాలన్నారు. ఎండలో చేలో పనిచేసేవాళ్లకి ఆ ధాన్యం చాలదు, 400 గ్రాములు వేసుకోండి. అప్పుడు ఐదుగురికి ఏడాదికి 730 కిలోల ధాన్యం, 155 కిలోల పప్పు, 49 కిలోల నూనె అవుతాయి. ఆహార భద్రత చట్టం కింద కార్డు ఉంటే మనిషికి నెలకి 5 కిలోల చొప్పున 300 కిలోల బియ్యం వస్తాయి. ధాన్యంలో ఇక 430 కిలోలు తక్కువ. పప్పు మాత్రం దాదాపు మొత్తం మీరే సమకూర్చుకోవాలి. కందులు మరపట్టిస్తే నూటికి 70 వంతులు పప్పు అవుతుంది కాబట్టి 155 కిలోల పప్పుకి సుమారు 220 కిలోల కందులు కావాలి. నూనెకి వేరుశనగ కాయలు 175 కిలోలు: కాయలో 70 శాతం పప్పు, ఆ పప్పులో గానుగకి 40 శాతం నూనె.

అంటే 220 కిలోల కందులు ఇంట్లో ఏడాదిపాటు పుచ్చకుండా నిలిస్తే మీ కొరతలో పెద్ద భాగం పోతుంది. ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, కందులు నూర్చిన వారానికే అమ్మేస్తున్నారు, ఎందుకంటే దాస్తే రెండు నెలల్లో పుచ్చిపోతాయన్న భయం. తర్వాత అదే పప్పు కొంటున్నారు. 2025–26కి కంది మద్దతు ధర క్వింటాలుకి 8,000 రూపాయలు. ఆ ధరకి అమ్మినా మీ కందుల్లోంచి వచ్చే పప్పు కిలోకి 114 రూపాయలు పడినట్టు, మర ఖర్చు పైన. మీ ఊరి కొట్లో శ్రావణంలో పప్పు ధరతో దీన్ని పోల్చి చూసుకోండి. మద్దతు ధర కంటే తక్కువకి అమ్మిన సంవత్సరం తేడా ఇంకా పెరుగుతుంది. కాబట్టి ముందు ఇంటి కందులు పక్కన పెట్టి, మిగిలింది అమ్మండి.

నేలని ఇలా పంచుకోండి. ఎకరంన్నరలో కొర్ర, కంది కలిపి. 80 సెంట్లలో వేరుశనగ, మధ్య మధ్య కంది సాళ్లు. 5 సెంట్లు పంట కుంటకి, 5 సెంట్లు కూరలకి, మిగతా 10 సెంట్లు గట్లకి, దారికి. ఒక మోస్తరు వానల సంవత్సరంలో ఎకరానికి కొర్ర 4 క్వింటాళ్లు, అంతరపంట కంది క్వింటాలున్నర, వేరుశనగ 3 క్వింటాళ్లు అనుకునే లెక్క వేయండి. వ్యవసాయ శాఖ కరపత్రాల్లో రాసే దిగుబడులు వేసుకుంటే లెక్క తప్పుతుంది. ఈ లెక్కన కొర్రలు 600 కిలోలు, పొట్టు తీస్తే 390 కిలోల బియ్యం. కందులు 225 కిలోలు, వేరుశనగలోని సాళ్ల నుంచి మరికొన్ని. వేరుశనగ కాయలు 240 కిలోలు. ఇందులో నూనెకి 175 పోతే, వచ్చే ఏడాది 80 సెంట్లకి విత్తనంగా 48 కిలోల పప్పు, అంటే సుమారు 69 కిలోల కాయలు కావాలి. మొత్తం 244. వేరుశనగలో అమ్మకానికి ఏమీ మిగలదు, నాలుగు కిలోలు తక్కువే. ఎకరంన్నర కొర్రకి విత్తనం 3 కిలోలు చాలు. వేరుశనగని నూనెకి సరిపడా మాత్రమే వేసి, మిగతా నేలని కొర్ర, కందికి ఇవ్వమనడానికి ఇదే కారణం.

విత్తే అదను

తేలిక నేలల్లో 50 నుంచి 60 మిల్లీమీటర్ల వాన పడి, జానెడు లోతు తడిశాకే విత్తాలి. మొదటి జల్లుకే గొర్రు కడితే మొలక వస్తుంది, పదిరోజులు వాన లేకపోతే మాడుతుంది. కొర్ర గింజ చిన్నది, రెండు మూడు సెంటీమీటర్ల లోతులో పడుతుంది కాబట్టి పైపొర ఎండితే మొదట పోయేది అదే. వాతావరణ శాఖ ప్రతి మంగళ, శుక్రవారాల్లో జిల్లాలవారీగా వ్యవసాయ సలహా ఇస్తుంది, మేఘదూత్ యాప్‌లో తెలుగులో చూసుకోవచ్చు. ఆ అంచనాని విత్తే నిర్ణయానికి కాకుండా ఆపే నిర్ణయానికి వాడండి: నేల తడిసి ఉంటే విత్తండి, రెండురోజుల్లో భారీ వాన చెబితే ఆగండి. గట్టి వాన పడితే ఎర్రనేల పైన పెచ్చు కడుతుంది, కొర్ర మొలక ఆ పెచ్చుని చీల్చుకు రాలేదు. విత్తాక వాన పడి పెచ్చు కడితే అది గట్టిగా ఆరేలోపు ముళ్ల కంపతో తేలికగా లాగితే మొలక బయటపడుతుంది.

ఐదు సాళ్లు కొర్ర, ఒక సాలు కంది. సాలుకీ సాలుకీ 30 సెంటీమీటర్లు పెడితే కంది సాళ్ల మధ్య 180 సెంటీమీటర్లు వస్తుంది. కంది మొక్కకీ మొక్కకీ 20 సెంటీమీటర్లు అనుకుంటే ఎకరానికి 11 వేల చిల్లర మొక్కలు. నూరు గింజల బరువు 10 గ్రాములు, అంటే కిలోకి కొంచెం పైన. మొలకెత్తనివి, పురుగు తినేవి కలిపి ఎకరానికి కిలోన్నర వేసుకోండి. కొర్ర ఎకరానికి 2 కిలోలు, మూడింతలు పొడి ఇసుక కలిపి గొర్రులో పోస్తే ఒకేచోట గుత్తులుగా పడదు.

కొర్రలో ఎస్ఐఏ 3085 ఎనభై రోజుల పైన వస్తుంది. సూర్యనంది, అంటే ఎస్ఐఏ 3088, ఇంకా ముందు, 70–75 రోజుల్లో కోతకొస్తుంది. కందిలో ఆరు నెలల రకాలు నల్లరేగడికి బాగుంటాయి. ఎర్రనేలలో అక్టోబరు దాటితే పదును నిలవదు, కాయ గట్టిపడే వేళకి చెట్టు వడలిపోతుంది. నాలుగున్నర నెలల్లో వచ్చే పీఆర్‌జీ 176 లాంటిది ఎంచుకోండి. చేలో ఎండు తెగులు ఉంటే పీఆర్‌జీ 158 లాంటి తట్టుకునే రకం చూడండి, లేదా ఆ ముక్కలో మూడేళ్లు కంది ఆపండి. ఎండు తెగులు శిలీంధ్రం నేలలోనే ఉండిపోతుంది, మందు పోసి దాన్ని తీయలేరు.

కంది విత్తనానికి కిలోకి 10 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (తెగులుని అడ్డుకునే మేలు శిలీంధ్రం) పట్టించి, చివర రైజోబియం (వేళ్లకి నత్రజని అందించే సూక్ష్మజీవి) పట్టించాలి. 200 గ్రాముల ప్యాకెట్ 8–10 కిలోల విత్తనానికి సరిపోతుంది. పల్చటి బెల్లం నీళ్లు చిలకరించి కలిపి నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తాలి. ప్యాకెట్ మీద గడువు తేదీ చూడండి, దుకాణం ముందు ఎండలో పెట్టిన ప్యాకెట్ కొనకండి. అందులో ఉన్నది బతికున్న సూక్ష్మజీవి, ఎండకి చచ్చిపోతే మీరు పట్టించేది నల్లమట్టి మాత్రమే. రసాయన శిలీంధ్రనాశిని వాడితే ఒకరోజు ముందే పట్టించి, మరుసటి రోజు రైజోబియం కలపండి.

ఎరువుల్లో ఎక్కువ ఫలితమిచ్చేది భాస్వరం. ఎకరానికి ఒక బస్తా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ దుక్కిలో వేస్తే 8 కిలోల భాస్వరంతో పాటు గంధకం కూడా అందుతుంది. వేరుశనగకైతే రెండు బస్తాలు. కలుపుకి మాత్రం కొర్ర ఉన్న ముక్కలో పెండిమిథాలిన్ వాడొద్దు, కొర్ర మొలక దెబ్బతినే ప్రమాదముంది. ముప్ఫై ఐదు రోజుల్లోపు రెండుసార్లు దంతె తోలితే కలుపూ పోతుంది, పైమట్టి కదిలి పదును నిలుస్తుంది. వేరుశనగ ముక్కలో వాలుకి అడ్డంగా ప్రతి 3.6 మీటర్లకి ఒక గొడ్డుచాలు, అంటే విత్తనం వేయని లోతు చాలు, తీయండి. ఖర్చు లేని పని ఇది. పడిన వానలో కొంత పరుగెత్తకుండా అక్కడే ఇంకుతుంది.

పంట కుంట: కొలతలు, నీళ్ల లెక్క

చేలో డబ్బు పెట్టదగిన మొదటి టెక్నాలజీ ఇది. పైన 10 మీటర్లు పొడవు, 10 మీటర్లు వెడల్పు, లోతు రెండున్నర మీటర్లు, పక్కలు ఒకటికి ఒకటి వాలు. అడుగున 5 మీటర్ల చదరం వస్తుంది. ఇందులో నిండా సుమారు 1,46,000 లీటర్లు పడతాయి. రెండెకరాల నేల నుంచి నీరు దీనిలోకి పారేలా ఉంటే, 30 మిల్లీమీటర్ల వానలో ఐదో వంతు పారినా 48 వేల లీటర్లు వస్తాయి. మూడు గట్టి వానలకి కుంట నిండుతుంది. తవ్వకం ఉపాధి హామీ పనుల్లో చేయించుకునే వీలుందేమో పంచాయతీలో కనుక్కోండి.

కుంటలు విఫలమయ్యేది రెండు చోట్ల. మొదటిది ఇంకుడు. ఎర్రనేలలో లోపల షీటో పూతో వేయని కుంట వారాల్లో ఖాళీ అవుతుంది, కంది కాయ పట్టే వేళకి చుక్క ఉండదు. దీనికి 500 మైక్రాన్ల ప్లాస్టిక్ షీటు వేయవచ్చు. ఈ కొలతకి 14 మీటర్ల చదరపు షీటు కావాలి, అంచుల్ని ఒడ్డున మోకాటి లోతు కాలువ తీసి పూడ్చాలి. లేదా జల్లించిన మట్టి ఆరు పాళ్లు, సిమెంటు ఒక పాలు కలిపి 5 సెంటీమీటర్ల మందాన పూత వేయాలి. లోపలి వైశాల్యం 131 చదరపు మీటర్లు ఉంటుంది కాబట్టి సిమెంటు 34–35 బస్తాలు పడుతుంది, పదిరోజులు నీళ్లు కొట్టి తడపాలి. షీటు త్వరగా అయిపోతుంది గానీ మేకలు దిగినా, మట్టి తీసేటప్పుడు పార తగిలినా చిరుగుతుంది. మేకలు తిరిగే చేలో నేనైతే సిమెంటు పూతే చెబుతాను. రెండోది పూడిక. నీరు దిగే చోట రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గుంత తీసి రాళ్లు పేర్చండి. మట్టి అందులో ఆగుతుంది, ఏటా వేసవిలో ఎత్తి చేలో చల్లుకోవచ్చు. చుట్టూ కంచె తప్పదు. షీటు వేసిన కుంటలో జారిపడ్డ పిల్లవాడు పైకి పాకలేడు, నాలుగు వైపులా ముడులు వేసిన తాడు కట్టి వేలాడదీయండి.

ఈ నీళ్లని పారగట్టకండి, తుంపర్లతోనే ఇవ్వాలి. 80 సెంట్ల వేరుశనగకి 20 మిల్లీమీటర్ల తడి అంటే 65 వేల లీటర్లు. స్ప్రింక్లర్ తలలు 12 మీటర్ల దూరంలో పెడితే, ఒక్కొక్కటి గంటకి 1800 లీటర్లు పోస్తే, గంటకి 12.5 మిల్లీమీటర్లు పడుతుంది. 20 మిల్లీమీటర్లకి గంటా ముప్పావు లోపే. ఆరు తలలు ఒకేసారి నడిపి నాలుగుసార్లు మార్చితే ఆరున్నర గంటల్లో అయిపోతుంది. దీనికి 3 హార్స్‌పవర్ ఇంజను సరిపోతుంది. ఇంజను, పైపులు ఒక్కరే కొనక్కర్లేదు, నలుగురు కలిసి ఒక సెట్టు పెట్టుకున్నా ఏడాదికి ఒక్కొక్కరికి కావాల్సింది రెండు మూడు రోజులే. గాలి ఎక్కువగా ఉన్న మధ్యాహ్నం నడిపితే తుంపర గట్టు దాటి పోతుంది, తెల్లవారుజామున మొదలుపెట్టండి.

కుంటలో నీళ్లు ఒక్క ముక్కకే సరిపోతే ఎవరికివ్వాలి? ఆగస్టులో వాన ఆగి, వేరుశనగ ఊడలు (పూత నుంచి నేలలోకి దిగి కాయగా మారే కాడలు) దిగే దశలో ఉంటే వేరుశనగకే. ఊడ గట్టి నేలలోకి దిగలేదు, దిగకపోతే కాయ లేదు. అనంతపురం వైపు సెప్టెంబరులో వాన ఎక్కువ, కుంట మళ్లీ నిండే అవకాశముంది. ఆ రెండో నింపు కందికి దాచండి. మొగ్గ దశలో ఒకటి, కాయలో గింజ పాలుపట్టేటప్పుడు ఒకటి. నిండు పూత మీద తుంపర పెట్టకండి, పూత రాలుతుంది. కొర్రకి ఈ నీళ్లు ఖర్చు చేయకండి, అది తన వానతో తాను బతుకుతుంది.

కందిపూత మీద పురుగు

పూత మొదలయ్యాక మబ్బుపట్టిన నాలుగు రోజులు వస్తే మరుకా మచ్చల పురుగు పూతనీ మొగ్గనీ గూడు కట్టి తింటుంది. గూడు కట్టాక లోపలికి మందు చేరదు. అందుకే మొగ్గ దశలోనే లీటరుకి 5 మిల్లీలీటర్ల 1500 పీపీఎం వేపనూనె కొట్టాలి. గూళ్లు కనబడటం మొదలైతే లీటరుకి 0.4 గ్రాముల ఎమామెక్టిన్ బెంజోయేట్ గానీ 0.3 మిల్లీలీటర్ల క్లోరాంట్రానిలిప్రోల్ గానీ, ఎకరానికి 200 లీటర్ల నీళ్లతో. నీళ్లు తగ్గిస్తే చెట్టు లోపలి కొమ్మలకి చేరదు, జనం ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. కాయతొలుచు పురుగుకి ఎకరానికి నాలుగు లింగాకర్షక బుట్టలు (మగ పురుగుల్ని వాసనతో రప్పించి పట్టేవి) పెట్టి, లోపలి ఎరని నెలకోసారి మార్చండి. బుట్టలు పురుగుని చంపి పంటని కాపాడవు, ఎప్పుడు వచ్చిందో చెబుతాయి. 20 పక్షి స్థావరాలు పెట్టడానికి కంప కర్రలు చాలు.

వేరుశనగలో బూజు

కోతకి ముందు చివరి మూణ్ణాలుగు వారాలు బెట్ట తగిలితే కాయలోపలే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ బూజు పట్టి అఫ్లాటాక్సిన్ విషం తయారవుతుంది. కంటికి కనబడదు, వేయించినా పోదు. పూత దశలో ఎకరానికి 200 కిలోల జిప్సం వేస్తే కాయ గట్టిగా తయారవుతుంది, పగుళ్లు తగ్గుతాయి. పీకిన చెట్లని కాయలు పైకి ఉండేలా తిరగేసి ఆరబెట్టండి, కాయ ఊపితే గలగలమనాలి. ముడుచుకున్నవి, రంధ్రం పడ్డవి, నల్లబడ్డవి ఏరి పారేయండి. వాటిని గానుగకి పంపడం పెద్ద పొరపాటు: విషంలో ఎక్కువ భాగం చెక్కలో ఉండిపోతుంది, ఆ చెక్క తిన్న గేదె పాలలోకి వస్తుంది, ఆ పాలు పిల్లలు తాగుతారు.

నిల్వ: ఇక్కడే పోయేది, ఇక్కడే మిగిలేది

కంది పుచ్చు పురుగు ఇంట్లో పుట్టదు. చేలో కాయ పండేటప్పుడే తల్లిపురుగు కాయమీద గుడ్డు పెడుతుంది, పిల్ల గింజలోకి తొలుచుకుపోతుంది, మీరు శుభ్రంగా ఉన్నాయనుకుని బస్తాకెత్తే గింజల్లో అది అప్పటికే ఉంటుంది. నెలకో తరం. ఒక్కో తల్లి పదుల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. మూడో తరానికి బస్తా పిండవుతుంది. కాబట్టి నూర్చిన మొదటి పదిరోజుల్లో చేసే పనే నిలబెడుతుంది, మూడు నెలల తర్వాత ఎండబెట్టడం ఆలస్యమైనట్టే.

నూటికి 75–80 కాయలు గోధుమరంగుకి తిరగగానే కోసేయండి, చెట్టుమీద ఉంచినకొద్దీ గుడ్లు పెరుగుతాయి. నూర్చి తూర్పారబట్టి తేమ 10 శాతం లోపుకి వచ్చేదాకా ఎండబెట్టండి. రైతు సేవా కేంద్రంలోనో ఉత్పత్తిదారుల సంఘంలోనో తేమ మీటరు ఉంటే వాడుకోండి. లేకపోతే గింజని పంటికింద వేస్తే కటుక్కున విరగాలి, నొక్కుకుపోతే ఇంకా తడి ఉన్నట్టు. కొర్రకి, వడ్లకి ఇంకో పరీక్ష ఉంది: పొడి గాజుసీసాలో మూడోవంతు గింజలు, ఒక చెంచా బాగా ఎండబెట్టిన ఉప్పు వేసి మూతపెట్టి నిమిషంపాటు ఊపి, పావుగంట ఉంచండి. ఉప్పు గాజుకి అంటుకుంటే తేమ 15 శాతం పైన ఉంది, నిల్వకి పనికిరాదు. అంటుకోకపోయినా ఇంకో రోజు ఎండబెట్టడం మేలు.

తర్వాత వేడి వైద్యం. మబ్బులేని రోజు, నేలమీద చాప, దానిపై నల్ల ప్లాస్టిక్ షీటు, షీటుమీద కందులు రెండు మూడు సెంటీమీటర్ల మందాన, వాటిపై పారదర్శకమైన పాలిథీన్. అంచులన్నీ మడిచి రాళ్లు పెట్టాలి. గింజల్లో వేడి 57 డిగ్రీలకి చేరి గంటసేపు ఉంటే గుడ్డు, లోపలి పిల్ల, పెద్దపురుగు అన్నీ చస్తాయి. పదకొండు నుంచి మూడింటిదాకా ఉంచితే సరిపోతుంది. మందంగా పోస్తే అడుగు వేడెక్కదు, అంచు తెరుచుకుంటే పురుగు పక్కకి పాకిపోతుంది. విత్తనానికి ఉంచుకునే రెండు మూడు కిలోల్ని ఇందులో పెట్టకండి, విడిగా ఎండబెట్టి వేపాకు పొడితో సీసాలో గట్టిగా మూసిపెట్టండి.

గింజలు పూర్తిగా చల్లారాకే ఎత్తాలి. వెచ్చగా ఉండగా మూసేస్తే రాత్రి చలికి లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది. నింపేది గాలి చొరబడని సంచిలో: బయట నేసిన బస్తా, లోపల రెండు మందపాటి పాలిథీన్ సంచులు. లోపల మిగిలిన పురుగులు ఊపిరితో ప్రాణవాయువుని వాడేసుకుంటాయి, అది ఐదు శాతం లోపుకి పడిపోయాక తినడం, గుడ్లు పెట్టడం ఆపేసి చస్తాయి. మందు అక్కర్లేదు. కొన్న కొత్త సంచైనా గాలి ఊది నొక్కి చూడండి, సూది రంధ్రం ఉన్నా పనిచేయదు. నింపేటప్పుడు కుదిపి కుదిపి గాలి తీసి, ఒక్కో సంచి మూతిని విడివిడిగా మెలిపెట్టి మడిచి కట్టాలి. చెక్కబల్ల మీద, గోడకి అడుగు దూరంలో పెట్టాలి. ఎలుక ఒక్క కొరుకు కొరికితే అంతా వృథా.

సంచులకి బదులు రబ్బరు వాషరున్న 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము కూడా మంచిదే. 160 కిలోల దాకా కందులు పడతాయి. అంచుదాకా నింపాలి, సగం డ్రమ్ములో పురుగులు నెలలపాటు బతికేంత గాలి ఉంటుంది. సంచైనా డ్రమ్మైనా రోజూ తెరిస్తే ప్రయోజనం లేదు. అందుకే ఇంటివాడకానికి నెలకి 18–20 కిలోలు పట్టే చిన్న డబ్బా వేరుగా పెట్టుకుని, నెలకోసారి పెద్ద సంచి తెరిచి వెంటనే కట్టేయండి.

మరపట్టిన పప్పుకి కిలోకి 5 మిల్లీలీటర్ల ఆముదం పట్టించడం మన ఇళ్లలో ఎప్పట్నుంచో ఉన్నదే. నూనె పొరమీద గుడ్డు అంటుకోదు, అంటుకున్నా బతకదు. గింజల పురుగుకి వాడే సెల్ఫాస్ విషపు బిళ్లలు మాత్రం ఇంట్లో పెట్టకండి. దాన్నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు పక్కగదిలో నిద్రపోయేవాళ్లని చంపుతుంది. అది శిక్షణ పొందినవాళ్లు గోదాముల్లో వాడేది.

కొర్రల నిల్వ సులువు. పొట్టుతో ఉన్న కొర్ర పొడిగా ఉంటే ఏళ్ల తరబడి నిలుస్తుంది. పొట్టు తీశాక పైపొరలోని కొవ్వుకి గాలి తగిలి కొన్ని వారాల్లో కనరువాసన వస్తుంది. కాబట్టి నెలకి సరిపడా మాత్రమే మరపట్టించండి. సజ్జపిండి కూడా ఇదే కారణానికి వారంలోపే చేదెక్కుతుంది. కొర్రతో వచ్చే ఇబ్బంది కోతదగ్గర: సెప్టెంబరు వానల్లో కంకి తడుస్తుంది. చెట్టు మొత్తం ఆరేదాకా ఆగకుండా కంకులు కోసి టార్పాలిన్ మీద, కప్పు కింద పల్చగా పరవండి.

మర ఎక్కడ?

చాలా ఊళ్లలో కొర్ర ఆగిపోయింది ఇక్కడే: దంచే ఓపిక లేదు, మర ఊళ్లో లేదు. చిన్న కొర్ర మరా, చిన్న పప్పు మరా ఒక్క ఇంటికి గిట్టుబాటు కావు, పొదుపు సంఘానికో ఉత్పత్తిదారుల సంఘానికో అవుతాయి. రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థని అడిగితే ఏ గింజకి ఏ యంత్రమో చెబుతారు. కొనేముందు మీ కొర్రలే ఒక బస్తా తీసుకెళ్లి ఆడించి చూడండి. నూకలు ఎక్కువ వస్తే వేగం ఎక్కువైనట్టు, పొట్టు మిగిలితే గింజలు తడిగా ఉన్నట్టు. మట్టిబెడ్డలూ రాళ్లూ వేరుచేసే జల్లెడ లేని మరని కొనకండి.

పప్పుకి యంత్రం దొరకకపోతే ఎర్రమన్ను పద్ధతి ఉండనే ఉంది. కందుల్ని కొన్ని గంటలు నానబెట్టి, ఎర్రమన్ను పట్టించి రాత్రంతా కుప్పపోసి, రెండు మూడు రోజులు ఎండబెట్టి విసుర్రాయిలో విసరడం. పొట్టు బాగా వదులుతుంది. ఆ పప్పు ఉడకడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది.

ఊరు కలిసి చేస్తే ఎంతవరకు వెళ్లొచ్చో జహీరాబాద్ ప్రాంతంలో కనబడుతుంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990ల మధ్యలో పడావు భూముల్ని సాగులోకి తెచ్చి, పండిన జొన్నల్లో ఒక భాగాన్ని ఊళ్లోనే నిల్వచేసి, పేద ఇళ్లకి కరువు నెలల్లో తక్కువ ధరకి ఇచ్చాయి. పండించినచోటే నిల్వ, నిల్వ ఉన్నచోటే పంపకం. మీ ఊళ్లో పది ఇళ్లు కలిసి ఒక గది, పది డ్రమ్ములు, ఒక పుస్తకం పెట్టుకుంటే మొదలుపెట్టవచ్చు.

కూరల సంగతి క్లుప్తంగా: ఐదు సెంట్లలో తోటకూర, గోంగూర, బీర, గట్టున నాలుగు మునగచెట్లు. స్నానాల నీళ్లు, గిన్నెల నీళ్లు అటు మళ్లించండి. పదిహేను రోజులకో మడి చొప్పున చల్లితే ఆకుకూర తెగదు. వేసవికి గుమ్మడికాయలు దాచుకోవచ్చు, తొడిమతో కోస్తే నెలలు నిలుస్తాయి.

మట్టి లేకుండా నీళ్లలో పెంచడం, నిలువు తోటలు, సెన్సర్లు గురించి కూడా అడిగారు. అవి నగరంలో ఆకుకూరలు అమ్మేవాళ్లకి సంబంధించినవి. రోజంతా కరెంటు కావాలి, వాటిలో కందులూ కొర్రలూ పండవు. మీ పరిస్థితిలో డబ్బు పెట్టే వరుస ఇది: ముందు సంచులు, డ్రమ్ములు, తర్వాత కుంట, ఆ తర్వాత నలుగురితో కలిసి స్ప్రింక్లర్ సెట్టు, చివర మర. మొదటిది ఈ ఏడాదే చేయగలరు, కందులు అమ్మేలోపు.

విత్తనం మాట. కొర్ర తనంతట తాను పరాగసంపర్కం చేసుకుంటుంది, మీ చేలో మంచి కంకులు ఏరి పెట్టుకుంటే రకం చెడదు. కందికి తేనెటీగలు పక్కచేల పుప్పొడి తెస్తాయి, ఏటా కొంత కలుస్తుంది. విత్తనం చేను మధ్యలోంచి తీసుకోండి, మూడేళ్లకోసారి కొత్త విత్తనం తెచ్చుకోండి.

వాన ఆలస్యమైతే? జూలై చివరికి కూడా అదను రాకపోతే వేరుశనగ వదిలేయండి, 48 కిలోల విత్తనపు పప్పు నూనెకో తిండికో మిగులుతుంది. కంది పగలు తగ్గే కాలానికి పూస్తుంది, ఆలస్యంగా వేస్తే చెట్టు చిన్నగా ఉండగానే పూతకొస్తుంది. కాబట్టి సాళ్ల దూరం తగ్గించి విత్తనం పెంచాలి. కొర్రని ఆగస్టు మొదటి పక్షందాకా సూర్యనంది లాంటి తక్కువ రోజుల రకంతో వేయవచ్చు, మొవ్వు ఈగ కొంచెం ఎక్కువుంటుంది కాబట్టి విత్తనం పావువంతు పెంచండి. అదీ దాటితే ఆగస్టు చివర, సెప్టెంబరులో ఉలవ, ఎకరానికి 8–10 కిలోలు. మంచుకీ మిగిలిన పదునుకీ పండుతుంది, చొప్ప పశువులకి. కరువు ఏడాది అదను వచ్చేసరికి ఉలవ విత్తనం బజారులో దొరకదు, దొరికినా ధర మండిపోతుంది. డ్రమ్ములు నింపే రోజే 20 కిలోల ఉలవలు ఒక గాలిచొరని సంచిలో కట్టి, మీద తేదీ రాసి, అటకెక్కించండి. ఆ ఏడాది వాడకపోతే గుగ్గిళ్లకి తీసి, కొత్తవి నింపుకోండి.